నాయన చెవి, మావాడి లాగ్‌బుక్

“ఇంత దూరం వచ్చింది వీణ్ణి మెకానిక్‌ని చెయ్యడానికా?” అంది మా ఆవిడ, స్కూలు నుంచి వచ్చిన ఫారాన్ని బల్ల మీద పడేసి. మావాడికి పదహారేళ్లు. పదకొండో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదువుతూనే వారానికో రోజు టేఫ్‌కి వెళ్లి ఇంజనీరింగ్‌లో సర్టిఫికెట్ టూ చేస్తానంటున్నాడు. టేఫ్ అంటే ఆస్ట్రేలియాలో ప్రభుత్వం నడిపే వృత్తివిద్యా కాలేజీ. మన లెక్కలో ఐటీఐ. ఆ మాట వింటే మన ఇళ్లలో ముఖాలు ఎలా మారతాయో మీకు చెప్పక్కర్లేదు.

మేముండేది పశ్చిమ ఆస్ట్రేలియాలోని కల్గూర్లీలో. 1893లో ప్యాడీ హానన్, అతని తోటివాళ్లు బంగారం కనిపెట్టిన ఊరు. నేను పుట్టింది కర్ణాటకలోని కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్లో, చాంపియన్ రీఫ్స్ కార్మికుల లైన్లలో. కోలారు బంగారం వదిలి కల్గూర్లీ బంగారానికి వచ్చావని స్నేహితులు నవ్వుతారు. ఇక్కడి గని ఇంకా నడుస్తోంది. అక్కడిది 2001 ఫిబ్రవరి 28న మూతపడింది.

మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో చేరాడు. మా లైన్లో తెలుగిళ్లు, తమిళుల ఇళ్లు గోడకు గోడ. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన ఆ గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. లోపల చేరే నీళ్లు తోడితేనే గని బతుకుతుంది. ఆ పంపులకు నాయన ఫిట్టరు. 1974లో హెల్పరుగా చేరి, మేస్త్రీల వెనక స్పానర్లు మోస్తూ పని పట్టుకున్నాడు.

నాకు పదేళ్లప్పుడు మా వీధి పిండి మరలో మోటారు మొరాయిస్తే నాయన్ని పిలిచారు. ఆయన ఏదీ విప్పలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత నన్నూ వినమన్నాడు. “గరగరమంటే బాల్ అరిగినట్టు, కీచుమంటే గ్రీజు లేనట్టు. ఇప్పుడు ఏమంటాంది?” అన్నాడు. కీచుమంటోంది. గ్రీజు పెట్టాక మోటారు మెత్తగా తిరిగింది. మర యజమాని ఇచ్చిన రాగి పిండి తీసుకుని ఇంటికొచ్చాం.

గని మూసేశాక నాయన కూడా మా ఊళ్లో వేలమందిలాగే తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయాడు. వెళ్లిన ప్రతి వర్క్‌షాపులో ఒకే ప్రశ్న: “ఐటీఐ సర్టిఫికెట్ ఉందా?” ఇరవయ్యేడేళ్ల పని ఆయన చెవిలో, వేళ్లలో ఉంది గానీ కాగితం మీద లేదు. చివరికి ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. అక్కడ నీళ్ల మోటారు చెడితే బాగుచేసేది ఆయనే. జీతం మాత్రం వాచ్‌మన్‌దే.

అంత పనిమంతుడు నన్ను మాత్రం స్పానర్ ముట్టనివ్వలేదు. కేజీఎఫ్ గనుల్లోకి దిగినవాళ్లలో ఎక్కువమంది దళితులు. మా ఇల్లూ అంతే. తరతరాలుగా ఒళ్లు వంచిన ఇంట్లో, కొడుకు కుర్చీలో కూర్చోవడమే విముక్తి. “చేతిపని నేర్పిస్తాం” అని ఎవరైనా అంటే “మళ్లీ మమ్మల్నే ఎందుకు దిగమంటారు?” అని అడిగే హక్కు ఆ ఇళ్లకుంది. నేను ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు గని ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. నాయన భయాన్ని నేను వెక్కిరించలేను.

ఫారం మీద సంతకం పెట్టేముందు మా ఆవిడా నేనూ టేఫ్ వర్క్‌షాపు చూడ్డానికి వెళ్లాం. అక్కడ ఒక తెల్లజుట్టు మాస్టారు పిల్లల్ని పంపు చుట్టూ నిలబెట్టి, పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అదే నాయన విద్య. ఆ తర్వాత జరిగింది మాత్రం కేజీఎఫ్‌లో ఎప్పుడూ జరగలేదు. ఒక్కొక్క పిల్లా, పిల్లాడూ విని, లోపం చెప్పి, సరిచేశాక మాస్టారు వాళ్ల లాగ్‌బుక్‌లో ఆ పని పేరు రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. ఆఖర్న వచ్చే సర్టిఫికెట్ ఈ దేశంలో ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది. హైస్కూలు పూర్తిచేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ లెక్కలోకీ వస్తుంది. తర్వాత కావాలంటే జీతం తీసుకుంటూ నాలుగేళ్లు అప్రెంటిస్‌గా చేరొచ్చు. లేదా 1902లో మొదలైన ఇక్కడి స్కూల్ ఆఫ్ మైన్స్‌లో ఇంజనీరింగ్‌కి పోటీపడొచ్చు. ఏ తలుపూ మూసుకుపోదు.

మన దగ్గర ఈ మాట కొత్తదేమీ కాదు. హైస్కూలు దశలోనే వృత్తివిద్య ఉండాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. 19 నుంచి 24 ఏళ్ల వయసులో ఉన్న మన కార్మికుల్లో పద్ధతిగా వృత్తివిద్య అందినవాళ్లు 5 శాతం కన్నా తక్కువని 2020 జాతీయ విద్యావిధానం పాత అంచనాను ఉటంకిస్తూ ఒప్పుకుంది. అదే చోట జర్మనీకి 75, దక్షిణ కొరియాకు 96 శాతం అని రాసింది. అనుభవంతో పని నేర్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో భాగమైంది. నాయన రైలెక్కి అప్పటికి పద్నాలుగేళ్లు.

ఇప్పుడు మా కోలారు జిల్లాలోనే నరసాపురంలో హోండా బైకులు, ఐఫోన్లు తయారవుతున్నాయి. కర్ణాటకలో కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి నుంచే ఐటీ, ఆటోమొబైల్ లాంటివి నేర్పుతున్నారు. ఊరిగాంలో స్కూల్ ఆఫ్ మైన్స్ ఉంది. లేనిది మర్యాద. ఐటీఐ అంటే మార్కులు రానివాడికి వేసే శిక్ష అనే అలవాటు మనకు పోలేదు. లెక్కలు రాని పిల్లాణ్ణి లేత్ ముందు నిలబెట్టడం ఆ పిల్లాడికీ అవమానమే, లేత్‌కీ అవమానమే. లేత్ మీద మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా పని పాడవొచ్చు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. “మీ నాయనకు చేతిలో పనుండె, కాగితం లేకపోయె. నీకు కాగితముండాది, కొళాయి కారితే ప్లంబరు కోసం చూస్తావు. వానికన్నా రెండూ ఉండనీరా” అంది. పక్కనే వింటున్న మా ఆవిడ ఏమీ అనలేదు. తెల్లారి చూస్తే ఫారం మీద సంతకం ఉంది.

కోలారులోనో, చిత్తూరులోనో, ఇంకెక్కడైనా సరే, ఇంట్లో తొమ్మిదో పదో తరగతి చదివే పిల్లలుంటే ఈ సెలవుల్లో ఒక్క పూట దగ్గర్లో ఉన్న ఐటీఐకి తీసుకెళ్లి వర్క్‌షాపు చూపించండి. తప్పినవాణ్ణి కాదు, క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లని తీసుకెళ్లండి.