మెతుకు పెట్టిన చర్చి

కరువు కాలంలో ఇంత పెద్ద చర్చా? మెదక్ కేథడ్రల్ ముందు నిలబడి 175 అడుగుల గోపురాన్ని తలెత్తి చూస్తే ఎవరికైనా రావాల్సిన ప్రశ్నే. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువుకు ఈ చుట్టుపక్కల పల్లెలు అల్లాడిపోయాయి. ఉత్తచేతులతో ఊరుకోలేక మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ జనానికి చర్చి కట్టే పని చూపించాడు. పనికి తిండి... అదీ లెక్క. అలా పదేళ్లపాటు రాళ్లు మోసిన ఇళ్లలో పొయ్యి వెలిగింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఏ రోజు అన్నం ఆ రోజు దయచేయమని వేడుకునే పరలోక ప్రార్థన ఈ గోడల మధ్య వింటే, అది పుస్తకంలో మాటలా ఉండదు. మెతుకుదుర్గమే మెదక్ అయిందంటారు మరి!

లోపల 200 అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు. కానీ అందరి కళ్లూ ఆగేది మూడు రంగుటద్దాల కిటికీల దగ్గరే. క్రీస్తు పుట్టుక, సిలువ, పరలోకారోహణం... చదువురాని అవ్వ కూడా మనవడికి చూపించి చెప్పగలిగే బైబిలు. చిన్నచిన్న గాజుముక్కలను అతికించి చేసినవి. రంగులద్దేది మాత్రం బయటి వెలుగే. పొద్దు గూకితే లోపలున్నవాళ్లకు బొమ్మలు కనిపించవు, ఎన్ని దీపాలు పెట్టినా సరే. క్రిస్మస్‌నాడు తెల్లవారకముందే ప్రార్థనకు కూర్చున్నవాళ్లకు ముందు నల్లటి అద్దాలే. తూరుపు తెల్లబడేకొద్దీ ఒక్కో రంగూ విచ్చుకుంటుంది.

ఆ రోజు జనంలో నిలబడే చోటు దొరకదు. తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు మేలు. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లలోపే. పొద్దుండగా చేరేలా బయల్దేరితే చాలు.