రెండు బళ్ళ మట్టి

నా అత్తవారిది తెనాలి. పుట్టిల్లు రేపల్లె అవతల, కృష్ణ కరకట్ట కింద. రైలు దిగాక ఆ కట్టమీదుగానే మా ఊరు వెళ్ళాలి. ఎడమచేతివైపు ఏరు, కుడిచేతివైపు అరటితోటలు, మధ్యన మనం. వెనక ఒంటెద్దు బండి, ఇప్పుడు ఆటో, అంతే తేడా!

2009 అక్టోబరు వరదలో ఓలేరు దగ్గర కట్టకు గండిపడింది. మా అమ్మ ఆవకాయ జాడీలు వసారాలో తేలాయి. మళ్ళీ 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వచ్చిపడింది. తమ్ముడు రాత్రంతా కట్టమీద ఇసుక బస్తాలు మోస్తుంటే, తెనాలిలో నేను ఫోను పట్టుకుని జాగారం చేశాను. మా ఊరి దగ్గర కట్ట నిలిచింది.

“హమ్మయ్య, నీళ్ళు తీశాయి” అన్నాను మర్నాడు, బాపట్ల నుంచి వచ్చిన మా మరిదితో. ఆయన అక్కడి వ్యవసాయ కళాశాలలో చదువుకున్నవాడు.

“అప్పుడే సంబరపడకండి వదినా! ఏరు నిండుగా ఉన్నంతసేపూ ఆ నీళ్ళే కట్టను అదిమి పట్టుకుంటాయి. వరద గభాలున తీస్తే ఆ ఆసరా పోతుంది, కట్ట తాగిన నీళ్ళు మాత్రం లోపలే ఉంటాయి. బరువెక్కిన మట్టి అప్పుడే జారుతుంది, మీద రోడ్డుతో సహా. వరద తీసిన కట్ట పచ్చి బాలింతలాంటిది.”

“మరి పథ్యమేమిటి?” అన్నాను.

“ఎండలకు నల్లమట్టి నెర్రెలిస్తే వానలకు ముందే పూడ్చాలి. ఎలుక బొరియలు మూయాలి. వాలు మీద వట్టివేరు నాటాలి. దాని వేళ్ళు నిలువునా 10 అడుగుల దాకా దిగి మట్టిని కుట్టేసినట్టు పట్టుకుంటాయి.”

నాకు నవ్వొచ్చింది. వేసవిలో మంచినీళ్ళ కుండలో వేసుకునే వట్టివేళ్ళకు ఇంత బలమా!

“అన్నిటికంటె ముందు, కట్ట మొదట్లో మట్టి తవ్వకూడదు వదినా. దాని కాళ్ళు అవే.”

నా నవ్వు ఆగిపోయింది. నా పెళ్ళికి పందిరి వేయాలని నాన్న వాకిలి మెరక చేయించారు. రెండు బళ్ళ మట్టి, కట్ట మొదట్లోదే. “అందరూ తెచ్చుకుంటున్నారుగా” అన్నారు. ఆ మట్టిమీద పీట వేసుకునే నేను పెళ్ళికూతుర్నయ్యాను.

మొన్న తొలకరికి బస్తాడు వట్టివేరు పిలకలతో పుట్టింటికి వెళ్ళాను. తమ్ముడు కట్టవాళ్ళనడిగి వచ్చి, పలుగు అందుకుంటూ, “ఎవరైనా పుట్టింటి నుంచి సారె పట్టుకెళతారు. నువ్వు గడ్డి పట్టుకొచ్చావేమిటే అక్కా?” అన్నాడు.

“సారె కాదురా,” అన్నాను, “బాకీ.”