కొర్రమట్ట గుటక

ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్లో ఒక టబ్బు ముందు ఆగిపోయాను. జానెడు నీళ్లలో నాలుగైదు కొర్రమీన్లు, పైన వల కప్పి ఉంది. అందులో ఒకటి మెల్లగా తేలి, పాము తలలాంటి నల్లటి మూతి బయటపెట్టి, గుళుక్కుమని గాలి మింగి మళ్లీ అడుగుకు దిగింది. మొప్ప పక్కనుంచి ఒక బుడగ జారింది. కాసేపటికి ఇంకోటి లేచింది.

"జోకమంటరా సార్?" అంది చేపలమ్మే ఆమె. నేను ఆ గుటకలే చూస్తున్నాను.

పక్కన రవ్వలూ బొచ్చెలూ ఐసు మీద ఎప్పుడో చల్లబడ్డాయి. కొర్రమీనుకు తలలో, మొప్పలకు కాస్త పైన, రెండు చిన్న గదులుంటాయి. వాటి గోడల నిండా సన్నటి రక్తనాళాలు. మింగిన గాలి అక్కడే రక్తంలోకి ఎక్కుతుంది.

మా ఊళ్లో దీన్ని కొర్రమట్ట అంటారు. ఒక ఎండాకాలం మా తాత ఎండిన కుంటలో పారతో బురద తిరగేస్తుంటే ఒక పెళ్ల కదిలింది. భయపడి నాలుగడుగులు వెనక్కి దూకాను. పెళ్ల కాదు, చేప. ఒళ్లూ ఆ గదులూ తడారనంత కాలం, ఒంట్లో దాచుకున్న కొవ్వే తిండిగా, వాన కోసం అలా పడి ఉంటుందట.

దానికి మొప్పలు ఉన్నా అవి మాత్రమే చాలవు. పైకి రానివ్వకుండా నీళ్లలోనే పట్టి ఉంచితే కొర్రమీను ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్లలో మునిగి చచ్చే చేప! ఈ సంగతి మొదటిసారి చదివిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. నీళ్లు లేని రోజులను దాటే విద్య నేర్చిన ప్రాణికి నీళ్లొక్కటే సరిపోకుండా పోయాయి.

పిల్లలకూ ఆ గాలే కావాలి. నలుసంత ఉన్నప్పుడు ఎర్రగా ఉంటాయి. వందల కొద్దీ ఒకే గుంపుగా పైకి వస్తే, నీటి మీద గుప్పెడు కుంకుమ ఉడుకుతున్నట్టుంటుంది. వాటి కిందే పెద్ద చేప కాపలా తిరుగుతుంది. గాలం వేసేవాళ్లకు ఆ ఎరుపే గుర్తు. తాత మాత్రం అక్కడ గాలం వెనక్కి లాక్కునేవాడు. "పిల్లల మీదున్న దాన్ని పట్టొద్దు బిడ్డా," అనేవాడు.

పోయిన వానాకాలం ఊరికెళ్లినప్పుడు, చీకటి పడేదాకా కట్ట మీద కూర్చున్నాను. తామరాకుల సందున ఎర్రగా బుడబుడలు లేచాయి. మూరెడు అవతల, నీళ్లు కొంచెం కదిలి, గుళుక్కుమంది.