ఆకాశం నుంచి చూస్తే చాలదా?

వినాయక చవితికి ఇంటికొచ్చిన మా అమ్మాయి ఉండ్రాళ్ళు తింటూ మెల్లగా చెప్పింది, "ఈ నెలాఖరుకి తుంగనాథ్ వెళ్తున్నామమ్మా, పది రోజులు."

"మంచిదే, పంచకేదారాల్లో ఒకటి" అన్నాను సంబరంగా.

"దర్శనానికి కాదు, గడ్డి కొలవడానికి."

ముందు నవ్వొచ్చింది. పన్నెండు వేల అడుగుల ఎత్తని తెలిశాక భయమేసింది. నేను చదివింది బీఏ తెలుగు. హిమాలయాలంటే నాకు మనుచరిత్రలో ప్రవరుడే గుర్తొస్తాడు. కాళ్ళకి పసరు పూసుకుని వెళ్ళడం, మంచుకి అది కరిగిపోయి ఇంటికి రాలేక చిక్కుకోవడం! పిల్ల ప్రయాణమంటే గుర్తు రావలసిన కథేనా, మీరే చెప్పండి.

తను రిమోట్ సెన్సింగ్‌లో ఎమ్మెస్సీ చేస్తోంది. ఉపగ్రహాలు తీసిన చిత్రాలతో ఎత్తైన కొండల మీద పచ్చదనం లెక్కకట్టడం తన ప్రాజెక్టు. "పైనుంచి అంతా కనిపిస్తుంటే మళ్ళీ నువ్వెందుకే?" అన్నాను. లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుంది.

ఆకు ఎర్రటి వెలుగుని పీల్చుకుని, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుందట. ఉపగ్రహం ఆ రెండిటినీ కొలుస్తుంది. వాటి తేడా ఎంత ఎక్కువైతే అక్కడ అంత పచ్చదనం ఉన్నట్టు. 2020లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన కారెన్ ఆండర్సన్ గారి బృందం ఇలాగే చూసిందట. 1993 నుంచి 2018 దాకా నాసా వాళ్ళ ల్యాండ్‌శాట్ చిత్రాలు తీసుకుని, హిందూకుష్ హిమాలయాల్లో 4,150 నుంచి 6,000 మీటర్ల ఎత్తు వరకు పరిశీలించారు. అంత ఎత్తులోనూ గడ్డీ, చిన్న చిన్న పొదలూ పెరుగుతూ వచ్చాయట. ఎవరెస్టు చుట్టుపక్కల కూడా!

"పచ్చబడితే మంచిదేగా?" అన్నాను.

"చలి తగ్గుతోందని కూడా అర్థం కదమ్మా. మొక్కలొచ్చిన చోట మంచు నిలవడం, కరగడం, నీరు ఇంకడం అన్నీ మారతాయి. దానివల్ల కింది నదులకి నీళ్ళు పెరుగుతాయో తగ్గుతాయో ఇంకా తేలలేదు" అంది. గంగ, సింధు, బ్రహ్మపుత్ర అన్నీ అక్కడివేగా. నేనింక మాట్లాడలేదు.

తర్వాత చిత్రాన్ని పెద్దది చేసి చూపించింది. క్రాస్‌స్టిచ్ దగ్గరగా చూసినట్టు అన్నీ గడులే. ల్యాండ్‌శాట్‌కి ఒక్కో గడి ముప్పై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు. అంటే మన లెక్కలో వెయ్యి గజాల పైమాటే. అందులో రాయీ, మంచూ, బెత్తెడు ఎత్తు మొక్కా కలిసిపోయి ఒకే అంకె వస్తుంది. పైగా కొండల నీడలు. మొక్కలు బాగా పెరిగే వానాకాలంలోనే మబ్బులు. "అందుకే ఎవరో ఒకరు వెళ్ళి, నేల మీద చదరపు మీటరు చట్రం పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాలి. ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో అప్పుడే తెలుస్తుంది."

సున్నుండలూ, కారప్పొడీ కట్టి పంపాను.

మధ్యలో మూడు రోజులు ఫోన్ కలవలేదు. రాత్రిళ్ళు మా వారి ఫోన్‌లో ఉపగ్రహ మ్యాప్ తెరిచి తుంగనాథ్ వెతికేదాన్ని. కొండ, మధ్యలో పచ్చటి మరక. ఆ మరకలో నా కూతురు ఎక్కడుందో ఎలా కనిపిస్తుంది?

నాలుగో రోజు ఫోటో వచ్చింది. ఎండకి కమిలిన మొహం, ముందు చట్రం, అందులో బొటనవేలంత పూలు. ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడుకున్నాం. మాటల్లో నోరు జారింది. మొదటి సెమిస్టర్‌లో జ్వరంతో వారం రోజులు హాస్టల్ మంచం మీదే ఉందట! ఆ వారమంతా నాతో వీడియో కాల్ మాట్లాడింది. లైటు వెనక పెట్టుకుని, నవ్వుతూ. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. "బాగానే ఉంది" అని మా వారికి చెబుతూనే ఉన్నాను.

కోప్పడలేదు. నేను కంగారుపడతానని దాచింది, నాకూ తెలుసు. ఫోన్ పెట్టేశాక మాత్రం మా వారిని రైలు టిక్కెట్లు చూడమన్నాను. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ హాస్టల్ గడప తొక్కలేదు నేను. వచ్చే నెల వెళ్తున్నాను. ఆ గది చూడాలి, ఆ మెస్సులో ఒక పూట తినాలి, దాని పక్కన కూర్చుని తలకి నూనె పెట్టాలి.