కిటికీ ఎప్పుడు తెరుస్తారు?

విశాఖపట్నంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చేరిన కొత్తలో నా పని చాలావరకు కుర్చీలోనే సాగేది. డాక్టరుగారు మందులు రాసి పంపాక పేషెంట్లు నా గదికి వచ్చేవారు. ఇంట్లో ఎవరెవరున్నారు, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగి రాసుకునేదాన్ని. నెలకు కొన్ని ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం కూడా ఉద్యోగంలో భాగమే. ఆ ఇళ్ళే నాకు పని నేర్పాయి.

మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళ నోట ‘డిప్రెషన్’ అన్న మాట అరుదు. ‘ఒల్లు బరువుగుంటంది’, ‘గుండెల్లో ఏటో పట్టేసినట్టుంటంది’, ‘ఏటీ తోచట్నేదు’ అంటారు. పాత పట్నం నుంచి వచ్చిన ఆవిడ కూడా అలాగే మొదలుపెట్టింది. నలభై అయిదేళ్ళుంటాయి. జాలరి ఇంట పుట్టింది, భర్త లోడింగ్ పనికి వెళ్తాడు. మేము వాడే తొమ్మిది ప్రశ్నల పత్రంలో 27కి 17 వచ్చింది. తేలిగ్గా తీసుకునే దిగులు కాదు.

అందరికీ చెప్పేదే ఆవిడకీ చెప్పాను. పొద్దున్నే లేచి కిటికీలు తీయండి, ఇంట్లోకి వెలుతురు రానివ్వండి, ఒక అరగంట నడిచి రండి. మనసు కుదుటపడ్డాక కదులుదామని కూర్చుంటే ఆ రోజు రాదు, కదిలితేనే కుదుటపడుతుంది. ఈ మాట మీద నాకు ఇప్పటికీ నమ్మకముంది. ఆవిడ తలూపి వెళ్ళింది. మూడు వారాలకు చూస్తే ఒక్కటీ చేయడం లేదు. ఫైల్లో ‘సహకరించడం లేదు’ అని రాశాను. నా చేతి రాతే అది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

జనవరిలో ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం బయట చెప్పులు వదిలి లోపల నాలుగడుగులు వేసి, ఆవిడ వేసిన చాప మీద కూర్చున్నాక చూసుకుంటే అరికాళ్ళు నల్లగా ఉన్నాయి. స్టీలు బిందెల మీద తడిగుడ్డ కప్పి ఉంది. మనవరాలి తెల్ల యూనిఫాం ఇంట్లోనే, దండెం మీద ఆరుతోంది. కిటికీ రెక్కల సందుల్లో పాత చీర ముక్కలు కుక్కారు.

“మీరు తీయమన్నారని మూడ్రోజులు తీసినానమ్మా. అన్నం మీద కూడా నల్లటి నుసే. మా ఆయన కేకలేసినాడు. మళ్ళీ మూసీసినాను.”

రోజుకి ఎన్నిసార్లు తుడుస్తారని అడిగాను. అయిదుసార్లన్నారు. “తుడిసినట్టే ఉండదమ్మా” అంటూ నా ఎదుటే మరోసారి తుడవడానికి లేచారు. ఎంత పెనుగులాడినా ఫలితం లేనిచోట ప్రాణి ఇక ప్రయత్నించడమే మానేస్తుందని 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. ఆ పాఠం పరీక్ష కోసం చదివాను. అది అర్థమైంది మాత్రం ఆ చాప మీద కూర్చున్నప్పుడే.

గాలి మోసుకొచ్చేది కంటికి కనిపించే ఆ నుసి ఒక్కటే కాదు. దాంతోపాటు కంటికి ఆనని పీఎం 2.5 కణాలుంటాయి. వాటి అడ్డుకొలత రెండున్నర మైక్రోమీటర్లకు మించదు, తల వెంట్రుక మందంలో సుమారు ముప్ఫయ్యో వంతు. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతాయి. మరీ సన్నవి రక్తంలో కలుస్తాయి. శరీరం వాటిని శత్రువులుగా ఎంచి వాపు పుట్టించే రసాయనాలు విడుదల చేస్తుంది. జ్వరం తగిలినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, తిండి సయించదు, ముసుగు తన్ని పడుకోవాలనిపిస్తుంది కదా. ఆ నీరసంలో ఈ రసాయనాల పాత్ర ఉంది. ఆ వాపు సన్నగా, ఏళ్ళ తరబడి కొనసాగితే మెదడు మీద దాని ప్రభావం పడుతుందని, దిగులుకు అదొక దారి కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

2019లో వెలువడిన ఒక సమీక్ష అప్పటిదాకా పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. దీర్ఘకాలం పీల్చే గాలిలో, ఘనపు మీటరుకు పీఎం 2.5 పది మైక్రోగ్రాములు ఎక్కువున్నచోట డిప్రెషన్ అవకాశం సుమారు 10 శాతం ఎక్కువని లెక్క తేలింది. 2023లో అమెరికాలో దాదాపు 89 లక్షలమంది వృద్ధుల రికార్డులు పరిశీలించినవారికీ అలాంటి సంబంధమే కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాది సగటుకు పెట్టిన హద్దు 5 మైక్రోగ్రాములు. మన దేశపు ప్రమాణం 40.

దీన్ని పట్టుకుని గాలే దిగులు తెచ్చిందని ఏ ఒక్క మనిషి విషయంలోనూ నేను చెప్పలేను. దుమ్ములో ఇల్లున్నవారికి చాలాసార్లు అప్పూ ఉంటుంది, ఇరుకూ ఉంటుంది, ఇంట్లో తాగుడూ ఉంటుంది. ఏ పోగు ఎంత బిగిస్తోందో విడదీయడం కష్టం. కానీ గాలిని అసలు పోగుగానే లెక్కపెట్టకుండా ఇన్నేళ్ళు ఫైళ్ళు నింపాను.

ఆవిడ ఇంకో సంగతి చెప్పారు. అప్పటిదాకా నాకు ఏ పుస్తకమూ చెప్పనిది. “పొద్దున్న గాలి నేల మీంచి వస్తాది. అప్పుడే ఈ నుసంతా. మద్దేనం దాటితే సముద్రం మీంచి తిరుగుతాది. మా అయ్య తెప్పేసుకెళ్ళినప్పుడు ఆ గాలి సూసే ఎళ్ళీవోడు.”

తర్వాత చదువుకుంటే ఆవిడ మాట అక్షరాలా నిజమని తెలిసింది. ఈ ఊరు ఉత్తరాన కైలాస కొండలకూ దక్షిణాన యారాడ కొండలకూ మధ్య గిన్నెలా ఉంటుంది. చలికాలం రాత్రుళ్ళు నేల చల్లబడితే బరువైన చల్లగాలి కిందే నిలిచిపోతుంది, దాని పైన వెచ్చటి గాలి మూతపడుతుంది. రేవులోని బొగ్గు నుసి, లారీల పొగ, రోడ్ల దుమ్ము అన్నీ ఆ మూత కిందే ఉండిపోతాయి. ఎండెక్కాక మూత తెరుచుకుంటుంది, సముద్రపు గాలి లోపలికి వస్తుంది. అంటే నేను నడవమన్న వేళ, కిటికీ తీయమన్న వేళ, రోజు మొత్తంలో అతి చెడ్డ గాలి ఉన్న వేళ.

ఇద్దరం కూర్చుని లెక్క మార్చాం. కిటికీ సాయంత్రం నాలుగింటికి తీయాలి. అయిదింటికి బస్సెక్కి బీచ్‌కి వెళ్ళి నడవాలి. చీపురు వేస్తే దుమ్ము మళ్ళీ లేస్తుంది కాబట్టి తడిగుడ్డతోనే తుడవాలి, అదీ రోజుకు రెండుసార్లు, ఒకసారి మనవరాలి అమ్మ తుడవాలి. ఈ చివరి మాట ఒప్పించడానికి నేను రెండుసార్లు ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. మందులు ఆపకుండా వేసుకున్నారు. నాలుగు నెలలకు పదిహేడు తొమ్మిదికి దిగింది. అందులో మందు వాటా ఎంత, నడక వాటా ఎంత, గాలి వాటా ఎంత అన్నది నేను తేల్చలేను.

ఇల్లు మారమని మాత్రం చెప్పలేదు. ఆ అద్దెకు ఇంకోచోట ఇల్లు దొరకదని ఇద్దరికీ తెలుసు. అద్దె కట్టగలిగినవాళ్ళు కొండ అవతలికి వెళ్ళిపోతారు, కట్టలేనివాళ్ళు చీర ముక్కలు కుక్కుకుంటారు. ఆ సంగతి మా గదిలో పరిష్కారమయ్యేది కాదు. అయినా నా పత్రంలో ఒక ప్రశ్న చేర్చుకున్నాను. ‘మీ ఇంట్లో కిటికీ ఎప్పుడు తెరుస్తారు?’ జవాబు చెప్పేముందు చాలామంది ఒక క్షణం ఆగుతారు. ఆ ప్రశ్న వాళ్ళని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మరుసటి జనవరిలో మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను, ఈసారి మధ్యాహ్నం. టీ ఇచ్చి, కూతురి సంగతులు చెబుతూ చెబుతూ ఆవిడ మాట మధ్యలో ఆపేశారు. లేచి వెళ్ళి చీర ముక్కలు ఒక్కొక్కటే లాగి రెక్కలు బార్లా తెరిచారు.

“గాలి తిరిగిందమ్మా” అన్నారు.