మెడలో చెక్కముక్క

ఒక పెళ్లికి హైదరాబాద్ పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఒక లావుపాటి పుస్తకం దొరికింది. జాన్ డేవిస్ అనే ఆయన రాసిన వేల్స్ చరిత్ర. నిజం చెప్పాలంటే వేల్స్ అంటే నాకు అప్పటికి తెలిసింది 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' అనే బిరుదు ఒక్కటే. అక్కడ మనుషులుంటారని, వాళ్లకు ఇంగ్లీషు కాని వేరే భాష ఉందని ఎప్పుడూ ఆలోచించలేదు. కొనడానికి కారణం ఒక్క సంగతి. ఆ పుస్తకం మొదట ఇంగ్లీషులో రాసింది కాదు. 1990లో వెల్ష్ భాషలో వచ్చింది. ఆ తర్వాత 1993లో ఇంగ్లీషులోకి వచ్చింది.

ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. కాని మన గురించి నేను చదివిన పెద్ద పుస్తకాలు ఏ భాషలో ఉన్నాయో గుర్తు చేసుకోండి. హైమండార్ఫ్ ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో తెచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మంచి పుస్తకమే, మనవాళ్ల మీద ప్రేమ ఉన్న మనిషే. అయినా అది మనల్ని చూసిన ఇంకొకరు ఇంకెవరికో చెప్పింది. ఈ వెల్ష్ ఆయన మాత్రం ముందు తన వాళ్లకు, తన మాటలో చెప్పి, తర్వాత మిగతా లోకానికి చెప్పాడు.

వేల్స్ ఇంగ్లండుకు పడమట ఉన్న కొండల దేశం. గొర్రెలు, పలకరాయి గనులు, బొగ్గు గనులు. 1283 నాటికి ఇంగ్లండు రాజు దాన్ని పూర్తిగా గెలుచుకున్నాడు. 1400లో ఒవైన్ గ్లిన్‌డూర్ తిరగబడ్డాడు. మనం కుమురం భీము గురించి చెప్పుకున్నట్టు వాళ్లు ఈయన గురించి చెప్పుకుంటారు. కోటలు పట్టడం, కొండల్లో దాక్కోవడం అన్నీ ఉన్నాయి. నాకు నచ్చింది ఒక ఉత్తరం. 1406లో, యుద్ధం నడుస్తుండగానే, ఫ్రాన్సు రాజుకు రాసిన ఉత్తరంలో ఆయన తన దేశానికి రెండు విశ్వవిద్యాలయాలు కావాలన్నాడు, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. అవి రాలేదు. ఆయన ఓడిపోయాడు, ఎక్కడ చనిపోయాడో కూడా తెలియదు. సముద్రం ఒడ్డున ఆబెరిస్ట్‌విత్‌లో మొదటి కాలేజీ తెరిచింది 1872లో. దానికి మామూలు జనం కూడా చిల్లర డబ్బులు పోగుచేసి ఇచ్చారు.

1536లో చట్టం వచ్చింది. ఇంగ్లీషు రాని వెల్ష్ మనిషికి ఇక సర్కారు కొలువు లేదు. భాష అక్కడితో పోవాల్సిందే. పోలేదు. 1588లో విలియం మోర్గాన్ బైబిలు మొత్తాన్ని వెల్ష్‌లో అచ్చు వేయించాడు. తర్వాత 1731 నుంచి గ్రిఫిత్ జోన్స్ అనే పాస్టరు తిరిగే బడులు పెట్టాడు. మా టీచర్లు ఇది గమనించాలి. వ్యవసాయం పనులు తక్కువగా ఉండే చలికాలంలో మూడు నెలలు ఒక ఊళ్లో బడి, తర్వాత ఇంకో ఊళ్లో. పిల్లలూ పెద్దలూ అందరూ రావచ్చు. చదువు వాళ్ల సొంత భాషలోనే. ఆయన 1761లో చనిపోయేనాటికి లక్షన్నర మందికి పైగా చదవడం నేర్చుకున్నారు. ఇప్పపూల కాలంలో పిల్లలు బడికి రావడం లేదని నేను ఎన్నిసార్లు రిజిస్టరులో ఎర్రసిరాతో గీతలు గీశానో లెక్కలేదు. బడినే పూలకాలానికి సరిపోయేలా జరపవచ్చని నాకు తట్టలేదు.

ఇంతవరకు హాయిగానే చదివాను. ఆ తర్వాత వచ్చింది చెక్కముక్క సంగతి.

పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి చాలా బడుల్లో 'వెల్ష్ నాట్' అని ఒకటి ఉండేది. దారం కట్టిన చిన్న చెక్కముక్క, దాని మీద రెండు అక్షరాలు. బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో అది వేసేవారు. వాడు ఇంకొకడు వెల్ష్ మాట్లాడటం వింటే దాన్ని వాడి మెడలోకి మార్చవచ్చు. సాయంత్రం బడి వదిలేటప్పుడు ఎవడి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. అంటే పిల్లలే పిల్లల మీద కాపలా. తన దెబ్బ తప్పించుకోవాలంటే స్నేహితుడి నోటి నుంచి అమ్మమాట ఎప్పుడు జారుతుందా అని చెవులు రిక్కించాలి.

ఇది లండన్ సర్కారు హుకుం కాదు. బడి నడిపే టీచర్లే చేశారు. వాళ్లలో చాలామంది వెల్ష్ వాళ్లే. పిల్లలు బాగుపడాలని తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు.

అక్కడ పుస్తకం మూసేశాను.

నా తరగతిలో ఒక నోటుబుక్కు ఉండేది. కోయ మాట్లాడినవాళ్ల పేర్లు లీడరు పిల్లవాడు అందులో రాయాలి. వారం చివర ఎక్కువసార్లు పేరు వచ్చినవాళ్లు వరండా ఊడవాలి. నేను కోయవాణ్ణే. చిన్నప్పుడు హాస్టల్లో నా పేరూ అలాంటి నోటుబుక్కులో ఎక్కింది. అయినా పెట్టాను. 'సారూ, మా లెక్క కావొద్దు, మంచి మాటలు నేర్పండి' అని గూడెం వాళ్లే అడిగారు. వాళ్లదీ తప్పనలేను.

ఒకరోజు రెండో తరగతి పిల్ల చెయ్యెత్తి 'ఏరు' అంది. కోయలో ఏరు అంటే నీళ్లు. వేరే ఊరి టీచరయితే ఏ వాగు సంగతో చెబుతోందనుకునేవాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను. తెలుగులో అడిగేదాకా పంపలేదు. ఆ పిల్ల అడగలేదు, కూర్చుంది. ఆ రోజు నుంచి బెల్లు కొట్టేదాకా దాహం ఆపుకునేది.

1847లో ముగ్గురు ఇంగ్లీషు అధికారులు, వెల్ష్ ఒక్క ముక్క రానివాళ్లు, వేల్స్ బడుల మీద నివేదిక రాశారు. జనం వెనకబాటుకు వాళ్ల భాష కూడా కారణమన్నారు. నీలి అట్టల ఆ పుస్తకాల మీద వేల్స్‌లో ఇప్పటికీ కోపం ఉంది. ఉండాల్సిందే. కాని నన్ను ఎక్కువ కుదిపింది ఆ ముగ్గురు కాదు. ఓవెన్ ఎడ్వర్డ్స్ అనే పిల్లవాడు. 1858లో బాలా సరస్సు దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. బడిలో ఆ చెక్కముక్క మెడలో వేసుకున్నవాడు. 1892లో పిల్లల కోసం వెల్ష్‌లో మాసపత్రిక మొదలుపెట్టాడు. 1906లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఆ చెక్క గురించి రాశాడు. మరుసటి సంవత్సరం వేల్స్ బడులన్నిటికీ చీఫ్ ఇన్‌స్పెక్టరయ్యాడు. పిల్లలకు వాళ్ల భాషలో చదువు ఉండాలని ఆ కుర్చీలో కూర్చుని పోరాడాడు.

వాళ్లు గెలిచేశారని చెప్పను. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్లు నూటికి పద్దెనిమిది మందికి కొంచెం తక్కువ, సుమారు 5 లక్షల 38 వేలు. అంతమందికే టీవీ ఛానల్ ఉంది, బడులున్నాయి, అధికారిక హోదా ఉంది. మన కోయకు అన్న వరసయ్యే గోండీ మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లో 29 లక్షల పైచిలుకు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండీకి చోటు లేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను.

వేల్స్‌కూ మన దేశపు గిరిజనులకూ ఒక పాత చుట్టరికం కూడా ఉంది. 1841లో చిరపుంజి చేరిన వెల్ష్ మిషనరీ థామస్ జోన్స్ ఖాసీ భాషకు రోమన్ లిపి కుదిర్చాడు. ఖాసీ అక్షరమాలలో నేటికీ 'జి' తర్వాత 'ఎన్‌జి' జంట వస్తుంది, అచ్చం వెల్ష్ వరసలాగే. తన ఇంట్లో చిన్నచూపు చూడబడ్డ భాష అక్షరాల వరస ఇంకో కొండజాతికి పనికొచ్చిందన్నమాట.

మా బడి బీరువాలో కోయ వాచకాలు ఉన్నాయి. మాతృభాషలో బోధన అని సర్కారు మొదలుపెట్టినప్పుడు తెలుగు లిపిలో వచ్చినవి. తాళం వేసి ఉంచింది నేనే. తీశాను. చెదలు పట్టినవి పోగా తొమ్మిది మిగిలాయి. పేర్లు రాసే నోటుబుక్కులో ఖాళీగా ఉన్న పేజీల్లో ఇప్పుడు పిల్లలు ఇంట్లో అవ్వల దగ్గర విన్న మాటలు రాస్తున్నారు. చెట్ల పేర్లే ఎక్కువ. నాకు తెలియనివి సగం.

ఒక తండ్రి వచ్చి గట్టిగానే అడిగాడు. 'ఇది ఇంట్ల ఎట్లయినా వస్తది సారూ, ఇంగ్లీషు చెప్పరాదా?' రెండూ చెబుతానన్నాను. సొంత మాటలో చదవడం వచ్చిన పిల్లకు రెండో భాష తొందరగా వస్తుందని కూడా చెప్పాను. విన్నాడు, తల ఊపాడు. జూన్‌లో కొడుకును మండలంలోని ఇంగ్లీషు మీడియం బడిలో వేశాడు.

ఆ పిల్ల ఇప్పుడు అయిదో తరగతి. తెలుగు బాగా చదువుతుంది. నోటుబుక్కులో అందరికన్నా ఎక్కువ మాటలు రాసింది కూడా ఆమే. ఆ నీళ్ల సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.