నలుగురిలో అడగండి

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలైంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లు మెంటార్ల దగ్గర వేసవంతా పనిచేస్తారు, స్టైపెండ్ కూడా వస్తుంది. రాయవరంలాంటి ఊళ్లో ఇంట్లో కూర్చునే ఈ పని చేయొచ్చు, నేర్పొచ్చు.

మెంటార్‌గా నాకు తరచూ కనిపించేది ఒకటుంది. మన పిల్లలు కోడ్ చకచకా రాసేస్తారు, నలుగురిలో అడగాలంటే మాత్రం మొహమాటపడతారు. "సార్, చిన్న డౌట్, గ్రూపులో అడిగితే ఏమనుకుంటారో" అని విడిగా మెసేజ్ పెడతారు. అక్కడే అడుగమ్మా అంటాను. ఆ జవాబు రేపు ఇంకొకరికి పనికొస్తుంది.

మొన్న ఒకమ్మాయి ధైర్యం చేసి అక్కడే అడిగింది: పొడవాటి పేర్లను కుదించే కోడ్ ఇంగ్లీషులో బాగానే ఉంది, తెలుగులో ఒత్తులు ఊడిపోతున్నాయేంటి అని. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు. మధ్యలో కోస్తే అక్షరం విరిగిపోతుంది. తెలుగు చదివేవాళ్ల కంటికే ముందు పడే బగ్ ఇది. అందుకే ఇలాంటి ప్రాజెక్టుల్లో మనవాళ్లు ఉండాలి.

సమ్మర్ ఆఫ్ కోడ్‌కు 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, 18 ఏళ్లు నిండిన కొత్తవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. మండపేట, రామచంద్రపురం వైపు కాలేజీల్లో చదివే పిల్లలూ, దరఖాస్తుల ప్రకటన వచ్చేదాకా ఆగకండి. ఇవాళే ఒక ప్రాజెక్టు చూసుకుని చిన్న బగ్‌తో మొదలుపెట్టండి.